గుండె ఆపరేషన్ తరువాత పిల్లల్లో మూత్రపిండాల దెబ్బ

పుట్టుకతోనే గుండెలో లోపమున్న పిల్లలకు శస్త్రచికిత్స జరిగాక, మొదటి రెండు మూడు రోజుల్లో మూత్రపిండాల పని ఉన్నట్టుండి మందగించడం తరచుగా కనిపించే చిక్కు. వైద్యులు దీన్ని అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటారు. పొడి అక్షరాల్లో ఏకేఐ. 2000 దశకం తొలినాళ్ల దాకా వాడుకలో ఉన్న మాట ‘అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్’. పేరు మారడం వెనక ఒక గ్రహింపు ఉంది. మూత్రపిండం పూర్తిగా చేతులెత్తేశాక గుర్తిస్తే అప్పటికే పొద్దుపోయినట్టు. చిన్న దెబ్బ కూడా బిడ్డ కోలుకోవడం మీద ప్రభావం చూపుతుంది కనుక దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇది అరుదైన సంగతి కాదు. వయసును బట్టి, ఆపరేషన్ తీరును బట్టి, ఏ కొలబద్ద వాడారన్నదాన్ని బట్టి అంకెలు మారుతాయి కానీ, గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో మూడోవంతు నుంచి సగం మంది దాకా ఏదో ఒక స్థాయిలో దీని బారిన పడుతున్నారని వేర్వేరు దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. అమెరికాలో 22 ఆస్పత్రులు కలిసి రెండు వేలమందికి పైగా నవజాత శిశువులను పరిశీలించిన ‘నెఫ్రాన్’ అధ్యయనంలో సగానికి మించి శిశువులకు ఈ దెబ్బ తగిలింది. చాలామందిలో ఇది స్వల్పంగా ఉండి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. తీవ్రమైనప్పుడు మాత్రం వెంటిలేటర్ మీద ఉండే రోజులు పెరుగుతాయి, ఐసీయూ వాసం పొడవవుతుంది, ప్రాణాపాయమూ పెరుగుతుంది.

పసి మూత్రపిండం

మూత్రపిండాలు ఒంటి బరువులో అర శాతమైనా ఉండవు. అయినా పెద్దవాళ్లలో గుండె పంపే నెత్తురులో అయిదో వంతుకు పైగా వాటి గుండానే పోతుంది. ఇంత నెత్తురు వస్తున్నా అది అంతటా సమంగా అందదు. పైపొర అయిన వల్కలానికి పుష్కలంగా దక్కుతుంది; లోపలి దవ్వకు మిగిలేది తక్కువ. ఉప్పును తిరిగి లాగి దాచుకునే కష్టమైన పని చేసేది ఆ దవ్వలోని నాళికలే. ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. మామూలు రోజుల్లోనే అంచు మీద బతికే ఈ కణాలు, రక్త ప్రసరణ కాస్త తగ్గగానే ముందుగా దెబ్బ తింటాయి.

నవజాత శిశువులో ఇంకో చిక్కుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు వడపోసే సూక్ష్మ భాగాలైన నెఫ్రాన్‌లన్నీ ఏర్పడే ఉంటాయి, గర్భంలో సుమారు 36వ వారానికి ఆ నిర్మాణం ముగుస్తుంది. ఆ తరువాత కొత్త నెఫ్రాన్‌లు పుట్టవు. ఉన్నవి మాత్రం ఇంకా పని నేర్చుకుంటూనే ఉంటాయి. పుట్టినప్పుడు వడపోత వేగం పెద్దవాళ్లలో ఉండేదానిలో పావువంతు కూడా ఉండదు. రెండు వారాల్లో దాదాపు రెట్టింపై, రెండేళ్ల వయసుకు పెద్దల స్థాయికి చేరుతుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఈ నిల్వ ఇంకా తక్కువ. పెద్ద ధమనులు తారుమారైన బిడ్డకు, ఎడమ గుండె ఎదగని బిడ్డకు మొదటి ఆపరేషన్ పుట్టిన కొద్ది రోజులకే చేయాల్సి వస్తుంది, అంటే మూత్రపిండం ఇంకా పని నేర్చుకుంటున్న దశలోనే.

దీనికి ఎదురుగా, ఆలస్యంగా ఆపరేషన్‌కు వచ్చే పిల్లలకు వేరే కష్టం. ఏళ్ల తరబడి పెదవులు, గోళ్లు నీలంగా ఉన్న పిల్లల్లో నెత్తురు చిక్కబడి, మూత్రపిండపు వడపోత గుచ్ఛాలు ఉబ్బి ఉంటాయి. ప్రొటీన్ కారడం కూడా మొదలై ఉండవచ్చు. పైకి ఆరోగ్యంగా కనిపించే ఆ మూత్రపిండం ఆపరేషన్ బల్ల ఎక్కేసరికే అలసిపోయి ఉంటుంది.

ఆపరేషన్ బల్ల మీద

1953 మేలో అమెరికా సర్జన్ జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రం సాయంతో 18 ఏళ్ల అమ్మాయి గుండెలో రంధ్రాన్ని మూశాడు. మరుసటి ఏడాది మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై యంత్రం బదులు తల్లినో తండ్రినో పక్కన పడుకోబెట్టి, వాళ్ల గుండెతోనే బిడ్డ ఒంట్లో నెత్తురు తిప్పి ఆపరేషన్లు చేశాడు. గుండెను తెరిచి బాగుచేసే కాలం అలా మొదలైంది. మూత్రపిండాల దెబ్బ కూడా దానితోపాటే వచ్చింది.

మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే నెత్తురు సుమారు పావు లీటరు. గుండె-ఊపిరితిత్తుల యంత్రపు, అంటే బైపాస్ యంత్రపు గొట్టాలను, ఆక్సిజన్ కలిపే పరికరాన్ని నింపడానికే దాదాపు అంత ద్రవం కావాలి. అంటే యంత్రం మొదలైన క్షణాన బిడ్డ నెత్తురు బయటి ద్రవంతో కలిసి పలచబడుతుంది. ఆ పలుచన తగ్గించడానికి దాత రక్తం కలుపుతారు. గుండె కొట్టే తాళం ఆగి యంత్రం ఏకధాటిగా నెత్తురు తోస్తుంది. గొట్టాల గోడలు తగిలి తెల్ల కణాలు రెచ్చిపోయి ఒళ్లంతా వాపు చర్య మొదలవుతుంది. పంపు ఒత్తిడికి ఎర్ర కణాలు కొన్ని చితికి, హిమోగ్లోబిన్ బయటపడి నాళికలను దెబ్బతీస్తుంది. వీటిలో ఏ ఒక్కటైనా తట్టుకోదగినదే. అన్నీ కలిసి గంటల తరబడి సాగితేనే ప్రమాదం. అందుకే బైపాస్ ఎంతసేపు సాగిందన్నది దాదాపు ప్రతి పరిశీలనలోనూ ప్రధాన కారణంగా తేలుతుంది. చిన్న వయసు, తక్కువ బరువు, ఆపరేషన్ సంక్లిష్టత దాని తరువాతి వరసలో వస్తాయి.

బృహద్ధమని కమానును సరిచేసే కొన్ని ఆపరేషన్లలో బిడ్డ ఒంటిని సుమారు 18 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచి, కొంతసేపు రక్త ప్రసరణనే పూర్తిగా ఆపేస్తారు. చల్లదనం కణాల ఆకలిని తగ్గించి కాపాడుతుంది; మళ్లీ వెచ్చబరిచి నెత్తురు వదిలినప్పుడు మాత్రం ఆక్సిజన్ తిరిగి రావడమే ఇంకో దెబ్బగా తగులుతుంది. బైపాస్ అక్కర్లేని ఆపరేషన్‌కూ మినహాయింపు లేదు. బృహద్ధమనిలో ఇరుకు భాగాన్ని కత్తిరించి కలిపేటప్పుడు వేసే క్లాంపు మూత్రపిండాలకు ఎగువన పడుతుంది. అది ఉన్నంతసేపూ వాటికి పక్కదారుల్లో వచ్చే నెత్తురే ఆధారం.

ఐసీయూలో మొదటి రాత్రి

పేరుకు ఇది మూత్రపిండాల జబ్బైనా, దీని కథ చాలావరకు గుండెలోనే నడుస్తుంది. ఆపరేషన్ అయిన 6 నుంచి 18 గంటల మధ్య పసిపిల్లల గుండె పంపే శక్తి ఒక మెట్టు దిగుతుంది. కుట్లన్నీ సరిగ్గా పడినా, లోపం చక్కగా పూడినా ఈ దిగుడు రావచ్చు. అర్ధరాత్రి చేతులూ కాళ్లూ చల్లబడి, గుండె వేగం పెరిగి, మూత్రపు గొట్టంలో చుక్క ఆగిపోయే ఘట్టం అప్పుడే వస్తుంది.

మూత్రపిండానికి నెత్తురు నెట్టే బలం ధమని ఒత్తిడి ఒక్కదానితో తేలేది కాదు. అందులోంచి సిరల ఒత్తిడిని తీసేయాలి. పసిబిడ్డ సగటు రక్తపోటు 45, సిరల ఒత్తిడి 5 ఉంటే మిగిలేది 40. గుండె కుడి భాగం బిగుసుకుని సిరల ఒత్తిడి 15కు చేరితే, రక్తపోటు అదే 45 ఉన్నా మిగిలేది 30. తెర మీద రక్తపోటు బాగానే కనిపిస్తున్నా మూత్రం రాకపోవడానికి ఇదొక కారణం. ఒంటి కింది భాగపు సిరల నెత్తురును కూడా నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించే ఫాంటాన్ వంటి ఆపరేషన్ల తరువాత ఈ లెక్క మరీ ముఖ్యం. ఆ పిల్లలు జీవితాంతం ఎక్కువ సిరల ఒత్తిడితోనే బతుకుతారు.

దీనికి మందుల బరువు తోడవుతుంది. జెంటామైసిన్, అమికాసిన్, వాంకోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, ఇబుప్రొఫెన్ జాతి నొప్పి మందులు, ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు ఆంజియోగ్రామ్‌లో వాడిన రంగు మందు, ఇవన్నీ మూత్రపిండం మోయాల్సిన బరువులే. గుండె బలానికి ఇచ్చే మిల్రినోన్‌ది ఇంకో తీరు. అది మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. అవి మందగిస్తే మందు ఒంట్లో పేరుకుని రక్తపోటును దించుతుంది, దిగిన రక్తపోటు మూత్రపిండాన్ని మరింత కుంగదీస్తుంది. ఈ వలయాన్ని పసిగట్టి సకాలంలో మోతాదు తగ్గించడం అనుభవజ్ఞులైన ఐసీయూ వైద్యుల పనితనం.

రెండు చెంచాల లెక్క

మూత్రపిండ వైద్యానికి ప్రమాణాలు రూపొందించే కేడీగో సంస్థ 2012లో వెలువరించిన మార్గదర్శకాలు ఇప్పుడు ప్రపంచమంతా వాడే కొలబద్ద. మూత్రపిండాలు వడపోయాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ నెత్తురులో 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో మునుపటికి ఒకటిన్నర రెట్లయినా, లేదా మూత్రం ఆరు గంటల పాటు కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గినా అది ఏకేఐ. తీవ్రతను బట్టి మూడు దశలు. క్రియాటినిన్ మూడు రెట్లు దాటినా, డయాలిసిస్ అవసరమైనా మూడో దశ.

కాగితం మీద ఇది తేలిగ్గా కనిపిస్తుంది. మూడు కిలోల బిడ్డ దగ్గర నిలబడి చూస్తే సంగతి వేరు. కిలోకు గంటకు అర మిల్లీలీటరు అంటే ఆరు గంటల్లో మొత్తం తొమ్మిది మిల్లీలీటర్లు, రెండు టీ చెంచాలకు కాస్త తక్కువ. గొట్టంలో నిలిచిపోయిన నాలుగు చుక్కలు, డైపర్‌లోకి ఇంకిపోయిన కొంచెం, అంతే, లెక్క తప్పుతుంది. పిల్లల ఐసీయూల్లో సన్నటి కొలపాత్రతో గంటగంటకూ మూత్రం కొలిచి, రాత్రంతా చార్టు మీద రాసే నర్సు చేసే పని ఈ జబ్బు నిర్ధారణలో ఏ యంత్రానికీ తీసిపోదు. 2017లో వెలువడిన ‘అవేర్’ అధ్యయనం నాలుగు ఖండాల్లోని పిల్లల ఐసీయూల్లో 4,683 మందిని పరిశీలించింది. మూత్రం తగ్గినట్టు కొలతలో తేలిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మందిని క్రియాటినిన్ ఒక్కదాని మీద ఆధారపడితే గుర్తించలేకపోయేవారని అందులో తేలింది.

క్రియాటినిన్‌కు ఉన్న లోపాలు పసిపిల్లల్లో మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కండరాల నుంచి పుట్టే ఈ పదార్థం, కండే లేని పసిబిడ్డలో అసలే తక్కువ. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ నెత్తురులో ఉండేది తల్లి క్రియాటినిన్. ఆపరేషన్ తరువాత ఒంట్లో నీరు నిలిస్తే అది పలచబడి, అంకె మామూలుగానే కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దెబ్బ తగిలిన ఒకటి నుంచి మూడు రోజులకు గానీ అది పెరగదు.

ఈ ఆలస్యాన్ని తగ్గించే వెతుకులాటలో సిన్సినాటి పిల్లల ఆస్పత్రిలో పనిచేసిన ప్రసాద్ దేవరాజన్ బృందం పేరు ముందుగా చెప్పాలి. నెత్తురు అందని ఎలుక మూత్రపిండంలో ఏ జన్యువులు ముందుగా మేల్కొంటాయో వెతుకుతూ వాళ్లు ఎన్‌గాల్ అనే ప్రొటీన్ దగ్గర ఆగారు. 2005లో ‘లాన్సెట్’లో ప్రచురించిన పరిశోధనలో, బైపాస్ ఆపరేషన్ జరిగిన 71 మంది పిల్లల్లో, తరువాత ఏకేఐ వచ్చినవాళ్ల మూత్రంలో ఈ ప్రొటీన్ రెండు గంటల్లోనే పెరిగింది. ఆ ఫలితం ఎంత చక్కగా ఉందంటే, గుండెకు తగిలిన దెబ్బను పట్టిచ్చే ట్రోపోనిన్ లాగా మూత్రపిండానికీ ఒక గుర్తు దొరికిందని చాలామంది సంబరపడ్డారు. 2011లో వేర్వేరు ఆస్పత్రుల్లో 311 మంది పిల్లలతో జరిగిన ‘ట్రైబ్’ అధ్యయనం ఆ ఆశను కొంత తగ్గించింది. గుర్తు పనికొస్తుంది కానీ మొదట కనిపించినంత కచ్చితంగా కాదు. 2023 చివర్లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మూడు నెలలు నిండిన పిల్లల నుంచి 21 ఏళ్ల వాళ్ల దాకా ఈ మూత్ర పరీక్షను ఆమోదించింది. అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్న నవజాత శిశువులు ఆ హద్దుకు బయటే మిగిలారు.

నీరు

ఈ పిల్లల్లో క్రియాటినిన్ కన్నా ముందు గమనించాల్సింది ఒంట్లో చేరే నీరు. లోపలికి వెళ్లినదానిలోంచి బయటికి వచ్చినదాన్ని తీసేసి, ఆపరేషన్ ముందు బరువుతో భాగిస్తే వచ్చే శాతాన్ని ద్రవభారం అంటారు. అది పది శాతం దాటితే పిల్లలు కోలుకోవడం కష్టమవుతుందని అనేక పరిశీలనలు చూపాయి. మూడు కిలోల బిడ్డకు పది శాతం అంటే 300 మిల్లీలీటర్లు. సెలైన్ రూపంలో ఆ నీటిని ఎవరూ కావాలని ఎక్కించరు. మందులు కలిపిన ద్రవాలు, గొట్టాలు కడిగే ద్రవాలు, రక్తం, ప్లేట్‌లెట్‌లు చిన్నచిన్నగా కూడి అంతవుతాయి. కనురెప్పలు ఉబ్బుతాయి, ఊపిరితిత్తులు బరువెక్కుతాయి, వెంటిలేటర్ నుంచి విడిపించడం కుదరదు. ఉబ్బిన మూత్రపిండం తన పొర లోపలే నలిగి ఇంకా తక్కువ పని చేస్తుంది. నీటి నిల్వ జబ్బుకు లక్షణమే కాదు, దాన్ని పెంచే కారణం కూడా.

నివారణ, చికిత్స

దెబ్బను ఆపే మందు ఏదీ ఇంతవరకు నిరూపణ కాలేదు. ఒకప్పుడు విరివిగా వాడిన తక్కువ మోతాదు డోపమైన్ మూత్రపిండాన్ని కాపాడదని తేలిపోయింది. కెఫీన్ కుటుంబానికి చెందిన అమినోఫిలిన్ మీద ఆశ పెట్టుకుని 144 మంది పిల్లలతో చేసిన పరీక్ష 2016లో నిరాశే మిగిల్చింది. ఫ్యూరోసెమైడ్ మూత్రాన్ని పెంచి నీటిని దించగలదు, అంతవరకే; నాళికలకు తగిలిన దెబ్బను మాన్పదు.

అందువల్ల మేలు చేసేవన్నీ చిన్నచిన్న జాగ్రత్తలే: చిన్న గొట్టాలు, తక్కువ నింపుడు ద్రవం, బైపాస్ సమయాన్ని కుదించే సర్జన్ చేతివేగం, నెత్తురు మరీ పలచబడకుండా బైపాస్ యంత్రాన్ని నడిపే పర్ఫ్యూజనిస్టు తీసుకునే శ్రద్ధ. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి బృందం 1990ల మొదట్లో ప్రవేశపెట్టిన మాడిఫైడ్ అల్ట్రాఫిల్ట్రేషన్ ఈ కోవదే. బైపాస్ ముగిసిన వెంటనే, బిడ్డ ఇంకా బల్ల మీద ఉండగానే, కొన్ని నిమిషాల పాటు నెత్తురును వడపోసి అదనపు నీటిని తీసేసే పద్ధతి అది. ఆ తరువాత ఐసీయూలో ఆంజియోగ్రామ్ రంగును, హానిచేసే యాంటీబయాటిక్‌లను వీలైనంత తగ్గించడం, గుండె పంపు తీరును ముందుగా సరిచేయడం.

మూత్రం రాక నీరు నిలిచిపోతే డయాలిసిస్ తప్పదు. పసిపిల్లల్లో చాలాచోట్ల మొదట ఎంచుకునేది పొట్ట ద్వారా చేసే పెరిటోనియల్ డయాలిసిస్. పొట్టలోకి సన్నటి మెత్తని గొట్టం పెట్టి, కిలోకు సుమారు 10 మిల్లీలీటర్ల ద్రవం నింపి, కొంతసేపు ఉంచి, మలినాలతో సహా వంచేస్తారు. మళ్లీ నింపుతారు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, పెద్ద రక్తనాళం అక్కర్లేదు, నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వనక్కర్లేదు. 2017లో వెలువడిన ఒక పరీక్షలో సిన్సినాటి వైద్యులు ఆపరేషన్ తరువాత మూత్రం తగ్గిన 73 మంది శిశువులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఫ్యూరోసెమైడ్ ఇచ్చి, ఇంకో వర్గానికి ముందస్తు పొట్ట డయాలిసిస్ చేశారు. పది శాతం ద్రవభారం దాటడం ఫ్యూరోసెమైడ్ వర్గంలో మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. మన దేశం లాంటి చోట ఈ పద్ధతికి ఉన్న విలువ ఇంకా ఎక్కువ. ఖరీదైన యంత్రం లేని ఆస్పత్రిలోనూ శిక్షణ పొందిన ఒక డాక్టరు, మెలకువగా ఉండే నర్సు ఉంటే బిడ్డను గట్టెక్కించవచ్చు.

నెత్తురును నేరుగా వడపోసే యంత్రాలు చాలాకాలం పెద్దవాళ్ల కొలతలతోనే తయారయ్యాయి. ఆ గొట్టాలకు పట్టే నెత్తురే పసిబిడ్డ మొత్తం నెత్తురులో చెప్పుకోదగ్గ భాగం. ఇటలీలోని విచెంజాలో క్లాడియో రోంకో బృందం పది కిలోల లోపు పిల్లల కోసమే ‘కార్పెడియెమ్’ అనే చిన్న యంత్రాన్ని రూపొందించి, 2013లో మూడు కిలోల లోపు బరువున్న బిడ్డకు తొలిసారి వాడింది. 2020లో అమెరికాలోనూ దానికి అనుమతి వచ్చింది.

ఇంటికి వెళ్లాక

దెబ్బతిన్న నాళికల కణాలు మళ్లీ పుట్టగలవు. చాలామంది పిల్లల్లో క్రియాటినిన్ డిశ్చార్జికి ముందే మామూలవుతుంది. అంతటితో కథ ముగిసిందా అన్నదాని మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. సిన్సినాటిలో ఏకేఐ వచ్చిన పిల్లలను సుమారు ఏడేళ్ల తరువాత పరీక్షిస్తే మామూలు రక్త, మూత్ర పరీక్షలు బాగానే ఉన్నాయి, మూత్రంలో దెబ్బకు గుర్తైన ప్రొటీన్లు మాత్రం ఇంకా ఎక్కువగా ఉన్నాయి. ‘ట్రైబ్’ పిల్లల్లో 131 మందిని అయిదేళ్లకు పరీక్షించినప్పుడు ఆరుగురిలో ఒకరికి అధిక రక్తపోటు కనిపించింది. ఆ వయసు పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. ఆశ్చర్యమేమిటంటే ఏకేఐ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య తేడా తేలలేదు. దాన్నిబట్టి నాకు అనిపించేది, గుండె ఆపరేషన్ అయిన ప్రతి బిడ్డనూ మూత్రపిండాల పరంగా కూడా గమనిస్తూ ఉండాలని.

తెలుగు ప్రాంతాల్లో ఈ పిల్లలకు ఆపరేషన్ దొరకడం గత మూడున్నర దశాబ్దాల్లో బాగా మారింది. 1991లో పుట్టపర్తిలో మొదలైన సత్యసాయి ఆస్పత్రి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తూ వచ్చింది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద ఇళ్ల పిల్లలకు పెద్ద ఆస్పత్రుల తలుపులు తెరిచింది. 2021 అక్టోబరులో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో శ్రీ పద్మావతి పిల్లల గుండె ఆస్పత్రి మొదలైంది. ఆపరేషన్ నగరంలో, బతుకు ఊళ్లో. బిడ్డ ఇంటికి చేరాక చూసేది స్థానిక వైద్యుడో, ఏఎన్‌ఎమ్మో. వాళ్ల చేతికి అందే డిశ్చార్జి కాగితంలో గుండె గురించి రాసినట్టే, మూత్రం ఎన్ని గంటలు తగ్గింది, క్రియాటినిన్ ఎంతకు పెరిగి ఎంతకు దిగింది, డయాలిసిస్ చేశారా లేదా అన్న వాక్యాలూ ఉండాలి. అవి ఉంటే, మున్ముందు ఆ బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఇబుప్రొఫెన్ సిరప్ రాయబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

ఏకేఐ వచ్చిన ప్రతి ఒక్కరినీ మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించాలని కేడీగో సూచిస్తోంది. అమెరికా శిశువైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లలకు మూడేళ్ల నుంచి ఏటా రక్తపోటు చూస్తే చాలు. పుట్టుకతో గుండె లోపమున్న పిల్లలకు ఆ వయసు కన్నా ముందే, ప్రతిసారీ చూడాలి. అందుకు పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీ కావాలి. పెద్దవాళ్ల పట్టీతో చూస్తే అంకె తక్కువగా చూపి, ఉన్న రక్తపోటును దాచేస్తుంది.